థార్ ఎడారిలో 80 కి.మీ. నడక, తలసీమియా పిల్లల కోసం: గుంటూరు నుంచి వెళ్తున్నాం, సలహాలు కావాలి

బ్రాడీపేట_టీచర్ · 20 అక్టోబరు 2024

అందరికీ నమస్కారం. గుంటూరులో హైస్కూలు టీచర్ని, నాకు 41 ఏళ్లు. వచ్చే సంక్రాంతి సెలవుల్లో జైసల్మేర్ దగ్గర థార్ ఎడారిలో ఐదు రోజుల నడకకి పేరిచ్చాను. రోజుకి 15 నుంచి 18 కిలోమీటర్లు, మొత్తం 80. గుంటూరు, తెనాలి, విజయవాడ కలిపి పద్నాలుగు మందిమి. ఈ నడక పేరు మీద పోగుచేసే డబ్బు తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారవని పుట్టు జబ్బు) ఉన్న పిల్లల మందులకి, రక్తం ఎక్కించేటప్పుడు అందులోని తెల్ల కణాలు వడగట్టే ఫిల్టర్లకి వెళ్తుంది.

ఇందులోకి ఎలా వచ్చానో చెప్తాను. మా క్లాసులో ఒక పాప మూడు వారాలకోసారి బడి మానేస్తుండేది. వాళ్లమ్మని పిలిపించి కాస్త గట్టిగానే అడిగాను. "రక్తం ఎక్కించుకోడానికి తీసుకెళ్తున్నానండీ" అంది. ఆ రోజు మళ్లీ క్లాసులోకి వెళ్లి పాఠం చెప్పలేకపోయాను. తర్వాతి ఆదివారమే రక్తం ఇద్దామని వెళ్లాను. వేలికి సూది గుచ్చి చూసి, "మీకు హిమోగ్లోబిన్ 11.4 ఉందమ్మా, 12.5 ఉంటేనే తీసుకుంటాం" అని పంపేశారు. రక్తం ఇవ్వలేకపోతే ఇంకేం చేయగలను అని వెతుకుతుంటే ఈ నడక కనబడింది.

నాకు నడక అలవాటే, కానీ ఎన్‌టీఆర్ స్టేడియం చుట్టూ రోజూ గంట, అంతే. ఎడారిలో ఎప్పుడూ కాలు పెట్టలేదు. వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.

కృష్ణలంక_నడక · 20 అక్టోబరు

అమ్మా, నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. థార్‌లో రెండుసార్లు నడిచాను. ముందు ఒక మాట: అక్కడ అంతా ఇసుక తిన్నెలే ఉంటాయని అనుకోకండి. గట్టి నేల, రాళ్లు, ముళ్ల పొదలు, మధ్యమధ్యలో సజ్జ చేలు, మేకల మందలు కూడా ఉంటాయి. సమ్, ఖూడీ అనే ఊళ్ల వైపు వెళ్తే తిన్నెలు తగులుతాయి. గట్టి నేల మీద హాయిగా పోతారు. తిన్నె ఎక్కేటప్పుడు మాత్రం రెండడుగులు వేస్తే ఒకడుగు కిందికి జారతారు. మామూలు నేల మీద పడే శ్రమకి ఇసుకలో రెండింతలు పైనే పడుతుంది. గంటకి మూడు కిలోమీటర్లు నడిస్తే గొప్ప.

అందుకని స్టేడియం చుట్టూ తిరిగితే చాలదు. ఆదివారాలు సూర్యలంక వెళ్లండి. అలలు తడిపే చోట కాదు, అక్కడ నేల సిమెంటులా ఉంటుంది. సరుగుడు చెట్ల వైపు, అంటే పొడి ఇసుకలో నడవండి. మొదటి రోజు రెండు కిలోమీటర్లకే పిక్కలు పట్టేస్తాయి, భయపడొద్దు. విజయవాడ వాళ్లకైతే బ్యారేజీ దిగువన నీళ్లు తగ్గాక బయటపడే ఇసుక ఉంది. మెట్లు ఎక్కడానికి మంగళగిరి కొండ.

బూట్లు కొత్తవి వేసుకుని మాత్రం బయల్దేరకండి. ఇప్పుడే కొని డిసెంబరు చివరికి కనీసం 150 కిలోమీటర్లు తొక్కేయండి. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి కాబట్టి మామూలు సైజు కన్నా ఒక అర సైజు పెద్దవి తీసుకోండి.

ఓపీ_డ్యూటీ · 21 అక్టోబరు

డాక్టర్ని, విజయవాడ. టీచర్ గారూ, 11.4తో నడవొచ్చు గానీ అది ఎందుకు తక్కువగా ఉందో తెలుసుకోకుండా వెళ్లకండి. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేయించండి. దాంతోపాటు తలసీమియా క్యారియరో కాదో చెప్పే హెచ్‌బీఏ2 కూడా. మన దగ్గర చాలామందికి ఐరన్ తక్కువై రక్తహీనత వస్తుంది. కొందరు మాత్రం తలసీమియా క్యారియర్లు, అంటే ఆ జన్యువుని మోస్తూ జబ్బు లేనివాళ్లు, అయి ఉంటారు. వాళ్లకి ఏ ఇబ్బందీ ఉండదు, ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగుతున్నా హిమోగ్లోబిన్ పెద్దగా పెరగదు. మీరు ఆ పిల్లల కోసమే నడుస్తున్నారు కాబట్టి ఆ పరీక్ష మీతోనే మొదలవ్వాలని నా కోరిక.

ఐరన్ తక్కువని తేలితే మాత్ర టీ కాఫీలతో వేసుకోకండి. నిమ్మరసంతో వేసుకోండి.

పటమట_ప్రశ్న · 23 అక్టోబరు

అడగక తప్పడం లేదు. ఈ ట్రిప్పుకి మనిషికి ఎంత ఖర్చు? ముప్పై వేలు అనుకున్నా పద్నాలుగు మందికి నాలుగు లక్షలు దాటుతుంది. ఆ డబ్బే పిల్లలకి ఇచ్చేస్తే పోతుంది కదా, ఎడారి దాకా ఎందుకు? నేను కోపంతో అనడం లేదు. రెండేళ్ల కింద ఒక సైకిల్ యాత్రకి ఐదు వేలు చందా ఇచ్చాను. పేరు చెప్పను. తర్వాత లెక్క అడిగితే టీషర్టులు, బ్యానర్లు, హోటల్ గదులు అన్నారు. రోగులకి ఎంత చేరిందో ఈ రోజుకీ తెలియదు. అప్పట్నుంచి ఇలాంటివి చూస్తే చేయి జేబులోకి పోవడం లేదు.

బ్రాడీపేట_టీచర్ · 23 అక్టోబరు

మీరు అడిగింది న్యాయమే. మా ఖర్చు మనిషికి 31 వేలు. రైలు, తిండి, గుడారాలు, ఒంటెలు అన్నీ కలిపి. ఆ డబ్బు ఎవరిది వాళ్లే పెట్టుకుంటున్నాం, చందాలో ఒక్క రూపాయి కూడా ముట్టుకోం. చందా నేరుగా ఆ పిల్లల కోసం పనిచేసే ట్రస్టు ఖాతాలోకే వెళ్తుంది, మా చేతికి రాదు.

ఇక ఆ 31 వేలే ఇచ్చేయొచ్చు కదా అంటే, గుండె మీద చేయి వేసుకుని చెప్తున్నాను, ఇచ్చేదాన్ని కాదు. ఏ ఏసీకో, వేసవి ట్రిప్పుకో పోయేది. పైగా నేను ఒక్కదాన్నే ఇస్తే ఆ సంగతి నాతోనే ఆగిపోతుంది. ఇప్పుడు పరిచయం ఉన్న ప్రతి మనిషినీ అడగడానికి నాకొక కారణం దొరికింది. నిన్న మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే మా బాబాయి దగ్గరికి వెళ్లాను. "నువ్వు ఎడారిలో నడిస్తే ఇక్కడి పిల్లలకి ఏమొస్తుందమ్మా?" అన్నాడు. అసలు తలసీమియా అంటే ఏంటో ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాను. చెక్కు రాసిచ్చాడు. అంతకన్నా ముఖ్యం, ఇంట్లో పెళ్లికి ఉన్న ఇద్దరు పిల్లలకీ ఆ పరీక్ష చేయిస్తానన్నాడు. నేను ఊరికే డబ్బు పంపి ఉంటే ఆ మాట ఆయన నోట వచ్చేది కాదు.

గవర్నర్‌పేట_ఆడిటర్ · 24 అక్టోబరు

లెక్కల సంగతి వచ్చింది కాబట్టి. ట్రస్టుకి ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఏ (ట్రస్టు ఆదాయానికి మినహాయింపు), 80జి (దాతలకి పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు ఉన్నాయో లేదో నంబర్లతో సహా చూడండి. 2,000 రూపాయలు దాటిన మొత్తం నగదుగా ఇస్తే దాతకి మినహాయింపు రాదు, యూపీఐ గానీ చెక్కు గానీ అడగండి. ట్రస్టు ఏడాది చివర దాతకి 10బీఈ అనే విరాళం సర్టిఫికెట్ ఇవ్వాలి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి 80జి మినహాయింపు లేదు. ఆ మాట ముందే చెప్పేయండి, తర్వాత నిష్ఠూరాలు ఉండవు.

ఇంకోటి, మీరు టీచర్ కాబట్టి చెప్తున్నాను. మీ క్లాసు పిల్లల తల్లిదండ్రుల్ని అడగకండి. వాళ్లు కాదనలేక ఇస్తారు.

బ్రాడీపేట_టీచర్ · 24 అక్టోబరు

ఆ చివరి మాట నాకు తట్టనే లేదు. ఒకరిద్దరిని అడిగాను కూడా. రేపే వాళ్లకి ఫోన్ చేసి వద్దని చెప్తాను. కృతజ్ఞతలండీ.

ఎడిసన్_తెనాలి · 26 అక్టోబరు

అక్కా, న్యూజెర్సీ నుంచి. మాది తెనాలి. ఇక్కడ మా ఆఫీసులో తెలుగువాళ్లం కిలోమీటరుకి ఒక డాలరు చొప్పున ఇద్దామనుకుంటున్నాం. ఎలా పంపాలి?

గవర్నర్‌పేట_ఆడిటర్ · 26 అక్టోబరు

ఆగండి తమ్ముడూ, ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. మీది ఇండియన్ పాస్‌పోర్టేనా? అయితే మీ సొంత సంపాదనని బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. గ్రీన్ కార్డు ఉన్నా సరే, పౌరసత్వం ఇండియాదే అయితే చాలు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకి ఇచ్చేది) ఉన్నా, ఇస్తే విదేశీ విరాళమే. అది తీసుకోవాలంటే ట్రస్టుకి ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే పడాలి. అందరిదీ కలిపి ఒకరి పేరున పంపొద్దు. ఎవరిది వాళ్లు పంపండి.

బుజ్జిగాడి_అమ్మ · 2 నవంబరు

నేను ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. మాది విజయవాడ సింగ్‌నగర్. మా బాబుకి తొమ్మిదేళ్లు, తలసీమియా మేజర్, అంటే తరచూ రక్తం ఎక్కించాల్సిన తీవ్రమైన రకం. ఆరు నెలల వయసు నుంచి రక్తం ఎక్కిస్తున్నాం. ఇప్పటికి ఎన్నిసార్లో లెక్క పెట్టడం మానేశాను.

పటమట గారు అడిగారు కాబట్టి డబ్బు దేనికి పడుతుందో నేను చెప్తాను. తలసీమియా పిల్లలకి రక్తం ఉచితంగానే ఇవ్వాలని నిబంధన ఉంది, ఇస్తున్నారు. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఒక్కో యూనిట్‌లో 200 మిల్లీగ్రాములకి పైగా ఐరన్ ఉంటుందట. ఒంటికి దాన్ని బయటికి పంపే దారి లేదు. గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. అది దిగడానికి రోజూ మాత్ర వేయాలి. పొద్దున్నే పరగడుపున గ్లాసులో వేసి చెంచాతో కలుపుతాను. సుద్దనీళ్లలా అవుతుంది. వాడు ముక్కు మూసుకుని తాగి, అడుగున మిగిలిందాంట్లో నేను మళ్లీ నీళ్లు పోస్తే అదీ తాగుతాడు. ఒక్క రోజు కూడా మానడానికి లేదు. సెప్టెంబరులో బుడమేరు పొంగి మా వీధి మునిగినప్పుడు నేను ముందు పైకి ఎక్కించింది బియ్యం కాదు, ఆ మాత్రల డబ్బా. నాలుగు రోజులు మేడ మీదే ఉన్నాం. రక్తం ఎక్కించాల్సిన తారీకు దాటిపోయింది, వాడు తెల్లగా పాలిపోయాడు. ఎవరో తెలియని కుర్రాళ్లు పడవ మీద తీసుకెళ్లి బస్సెక్కించారు.

మాది మేనరికం. మేనమామ కొడుకునే చేసుకున్నాను. ఇద్దరం క్యారియర్లమని బాబు పుట్టాకే తెలిసింది. పెళ్లికి ముందు జాతకాలు చూశారు, ఈ పరీక్ష గురించి మాకు ఎవరూ చెప్పలేదు. టీచర్ గారూ, మీరు వెళ్లండి. వెళ్లొచ్చి అందరికీ చెప్పండి.

పటమట_ప్రశ్న · 2 నవంబరు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ట్రస్టు ఖాతా వివరాలు పంపండి టీచర్ గారూ. 80 కిలోమీటర్లకి నా తరఫున కిలోమీటరుకి వంద. లెక్క మాత్రం ఇక్కడ పెట్టాలి.

ఓపీ_డ్యూటీ · 3 నవంబరు

బుజ్జిగాడి అమ్మ గారు చెప్పిందానికి ఒక్క ముక్క కలుపుతాను, మేనరికాలు ఇంకా బాగానే జరిగే ప్రాంతం మనది. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లు అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి రెండో బిడ్డకి రాదనుకోవడం తప్పు. ఇద్దరిలో ఒక్కరే క్యారియర్ అయితే ఆ జబ్బు రాదు. రక్తపరీక్ష ఒక్కటి చేయించుకుంటే తెలిసిపోతుంది.

మంగళగిరి_కుర్రాడు · 4 నవంబరు

సార్, నాకు మా మేనమామ కూతురితో సంబంధం ఖాయమైంది. మేలో పెళ్లి. ఇప్పుడీ పరీక్ష చేయించుకుందామంటే పెద్దవాళ్లు అనుమానం పెట్టుకున్నావంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

బుజ్జిగాడి_అమ్మ · 4 నవంబరు

తమ్ముడూ, మీ అత్తయ్యకి నా నంబరు ఇవ్వు. నేను మాట్లాడతాను.

బ్రాడీపేట_టీచర్ · 22 డిసెంబరు

సూర్యలంకలో ఆరు ఆదివారాలయ్యాయి. మొదటి వారం ఒకటిన్నర కిలోమీటరుకే కూర్చుండిపోయాను. ఇవాళ పొడి ఇసుకలో పదకొండు కిలోమీటర్లు నడిచాను. హెచ్‌బీఏ2 మామూలుగానే ఉంది, నాది ఐరన్ లోపమే. మాత్రలు వాడుతున్నాను. బృందంలో అందరం బయల్దేరే ముందు రక్తదాన శిబిరం పెట్టి, మిగతావాళ్లు ఇచ్చి వెళ్దామని అనుకుంటున్నాం. ఎలా ఉంటుంది?

ఓపీ_డ్యూటీ · 22 డిసెంబరు

వద్దు, వద్దు. ఆలోచన మంచిదే గానీ సమయం అది కాదు. ఇచ్చిన రక్తంలోని నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది, ఎర్ర కణాలు పూర్తిగా రావడానికి వారాలు పడుతుంది. ఆ ఒంటితో తిన్నెలు ఎక్కొద్దు. వచ్చాక పెట్టుకోండి.

చలికాలం కదా అని నీళ్లు తగ్గించకండి, దాహం తెలియకుండానే ఒళ్లు ఎండిపోతుంది. అలాగని గంట గంటకీ లీటరు తాగేయడమూ ప్రమాదమే. ఉప్పు లేకుండా నీళ్లే పోస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, మాట తడబడటం కనిపిస్తే ఇంకా నీళ్లు పట్టకండి, డాక్టరుకి చూపించండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉన్నదే కొనండి, పెద్ద ప్యాకెట్‌కి సరిగ్గా లీటరు నీళ్లు. అది లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి.

కృష్ణలంక_నడక · 23 డిసెంబరు

రాత్రిళ్లు ఐదు నుంచి ఎనిమిది డిగ్రీలు ఉంటుందమ్మా, మన గుంటూరు చలి లెక్కలోకి రాదు. పొద్దున్న బూట్లు దులపకుండా వేసుకోవద్దు, తేళ్లు దూరతాయి. పాదం ఎక్కడైనా వేడిగా మంట పుడితే అప్పుడే ఆగి టేపు వేయండి. "తర్వాతి విడిదిలో చూద్దాం" అనుకున్నవాళ్లకే బొబ్బలు లేస్తాయి. కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి పట్టుకెళ్లండి, నాలుగో రోజుకి నన్ను తలుచుకుంటారు.

బ్రాడీపేట_టీచర్ · 21 జనవరి 2025

వచ్చేశాం. పద్నాలుగు మందిమీ ఐదు రోజులూ నడిచాం. పెద్ద సంగతులు ఏమీ జరగలేదు. మొదటి రెండు రోజులు రాళ్ల నేల, పొదలు, జిల్లేడు. జిల్లేడు చూడగానే మన ఊరి గట్టు మీద ఉన్నట్టే అనిపించింది. అక్కడ దాన్ని ఆక్ అంటారు. ఇంకా ఆశ్చర్యం, వాళ్లు దేవుడిలా చూసుకునే ఖేజ్‌డీ మన జమ్మి చెట్టే. దసరాకి మనం ఆకు తెంపి పెద్దల చేతిలో పెడతాం, వాళ్లు దాని కాయలు ఎండబెట్టి ఏడాదంతా కూర వండుకుంటారు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ అనే ఊళ్లో ఈ చెట్లు నరకడానికి రాజు మనుషులు వస్తే, అమృతాదేవితో మొదలుపెట్టి 363 మంది బిష్ణోయీలు చెట్లని కౌగిలించుకుని ప్రాణాలిచ్చారు. మా ఒంటెలాయన ఆ కథ చెప్పి, చెట్టు కింద చెప్పులు విప్పాడు. మేమూ విప్పాం. ముళ్లు గుచ్చుకున్నాయి గానీ ఎవరూ మాట్లాడలేదు.

మూడో రోజు పెద్ద తిన్నెలు. నాకు ఎడమ మడమ దగ్గర మంట మొదలైంది. ఇంకో అరగంటేగా అనుకున్నాను, అంతలో ఇక్కడ కృష్ణలంక బాబాయి గారు చెప్పిన మాట గుర్తొచ్చి ఆగి టేపు వేశాను. వేయని ఇద్దరు చివరి రోజు ఒంటె మీద సామానుతో పాటు కొంత దూరం రావాల్సి వచ్చింది.

ఆ రోజే భోగి. పౌర్ణమి కూడా. గుంటూరు నుంచి చిన్న పిడకల దండ ఒకటి సంచిలో వేసుకెళ్లాను. అక్కడ పొదలు కొట్టి మంట వేయకూడదు, వంటకి వాళ్లు తెచ్చుకునే పిడకలే కాలుస్తారు. ఆ మంటలోనే మా దండ వేశాం. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. వెన్నెల్లో ఇసుక ఉప్పు ఆరబోసినట్టుగా ఉంది. మా బృందంలో అందరికన్నా చిన్నమ్మాయి తలసీమియా పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసుకొచ్చింది, పేర్లు మాత్రమే. ఒక్కొక్కటే చదివింది. బుజ్జిగాడి పేరు ఏడోది.

లెక్క: ఈ రోజుకి ట్రస్టు ఖాతాలో పడింది 3,42,650 రూపాయలు. దాతల పేర్లు తీసేసి బ్యాంకు స్టేట్‌మెంటు ఆడిటర్ గారికి పంపాను. ఖర్చు పెట్టిన ప్రతి బిల్లూ ఇక్కడ పెడతాను.

గవర్నర్‌పేట_ఆడిటర్ · 24 జనవరి

చూశాను. మొత్తం సరిపోయింది. ప్రయాణం ఖర్చు ఒక్క పైసా ఇందులో లేదు.

పటమట_ప్రశ్న · 24 జనవరి

ఇన్నాళ్లకి ఒక లెక్క చూశాను. ధన్యవాదాలు.

మంగళగిరి_కుర్రాడు · 9 ఫిబ్రవరి

అక్క మా అత్తయ్యతో మాట్లాడింది. ఇద్దరం పరీక్ష చేయించుకున్నాం. నాది మామూలే. తను క్యారియర్. డాక్టర్ గారూ, ఇబ్బంది లేనట్టే కదా?

ఓపీ_డ్యూటీ · 9 ఫిబ్రవరి

మీ పిల్లలకి మేజర్ రాదు. నిశ్చింతగా పెళ్లి చేసుకోండి. పిల్లల్లో ఎవరికైనా క్యారియర్ లక్షణం రావొచ్చు, వాళ్ల పెళ్లిళ్లప్పుడు ఈ రిపోర్టు గుర్తుంచుకోండి. మీ మరదలి అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ కూడా చేయించమనండి.

బుజ్జిగాడి_అమ్మ · 27 ఏప్రిల్

ట్రస్టు నుంచి ఫిల్టర్లు అందుతున్నాయి. కిందటిసారి రక్తం ఎక్కించాక బాబుకి చలి జ్వరం రాలేదు.

ఇప్పుడు ఇంకో అవసరం. కాలేజీలకి సెలవులిచ్చేశారు, మేలో రక్తం ఇచ్చేవాళ్లు బాగా తగ్గిపోతారు. మే 9న వాడికి ఎక్కించాలి. ఓ పాజిటివ్. ఎవరైనా ఉన్నారా?

బ్రాడీపేట_టీచర్ · 27 ఏప్రిల్

నేను వస్తాను. నిన్న చూపించుకున్నాను, 12.9.